తలుపు పిడికి చేతిరుమాలు

3 ఆగస్టు 1998, సోమవారం

మధ్యాహ్నం లిన్ ఫోన్ చేసింది. సెప్టెంబర్ రెండో వారాంతంలో సముద్రం ఒడ్డున మేం ఏటా సెలవులకి వెళ్లిన గల్‌హేవెన్‌కి పాత క్యాంపర్లందరినీ పిలుస్తున్నారట. ఇప్పుడది క్యాంపు కాదు, చక్రాల ఇళ్లుండే క్యారవాన్ పార్కు. కొత్త ఓనరుకి ఎందుకో పాత రోజుల మీద మనసు పోయింది. పొద్దున్నే లౌడ్‌స్పీకర్‌లో మేలుకొలుపు, మగవాళ్లకి వంకర మోకాళ్ల పోటీ, ఆదివారం గ్లామరస్ గ్రాండ్‌మదర్ పోటీ, అన్నీ మళ్లీ పెడతాడట. అమ్మా, నువ్వు వస్తావా, పిల్లల్ని కూడా తీసుకెళ్దాం అంది.

వస్తానన్నాను. మా ఆయన విల్ఫ్‌ని అడగలేదు. అడిగితే మోకాలు నొప్పంటాడు.

ఆ తర్వాత లిన్ బంగాళదుంపల ధర చెప్పినట్టు మామూలుగా, థెల్మా ఆంటీ కూడా వస్తోంది అంది.

ఫోన్ పెట్టేశాక గానీ తట్టలేదు. థెల్మా వస్తున్న సంగతి దీనికెలా తెలిసింది?

4 ఆగస్టు

థెల్మా నాకంటే రెండేళ్లు పెద్ద. అరవై ఎనిమిది. రాసి చూసుకుంటే హాయిగా ఉంది.

9 ఆగస్టు, ఆదివారం

వాన. విల్ఫ్ ముఖం మీద పేపరు కప్పుకుని నిద్రపోతున్నాడు. పాత బ్యాడ్జీల డబ్బా దించాను. ఏడాదికొకటి, రంగు రంగులవి, కోటుకి గుచ్చుకునేవి. వెనక సూదులు తుప్పు పట్టాయి.

జులై వచ్చిందంటే మా ఊళ్లో మిల్లులన్నీ ఒకే రోజు మూసేవారు. పొగ ఆగిపోయి ఆకాశం నీలంగా ఉంటుందని అప్పుడు గుర్తొచ్చేది. ఊరు ఊరంతా సముద్రానికి పోయేది, పాలవాడితో సహా. ఇరుగుపొరుగు వాళ్ల మొహాలు తప్పుతాయని ఆశపడితే వాళ్లు మన పక్క షాలేలోనే దిగేవారు. ఒకే రకం చెక్క గదులు, వరసకి ఇరవై. తాగొచ్చిన మగవాళ్లు పక్కవాళ్ల తలుపు తట్టడం రోజూ ఉండేదే.

భోజనాల హాల్లో మాత్రం టేబులు మన ఇష్టం కాదు. వాళ్లు ఎక్కడ కూర్చోబెడితే వారమంతా అక్కడే. 1955లో మమ్మల్ని కూర్చోబెట్టింది లెస్టర్ నుంచి వచ్చిన థెల్మా, సిరిల్ దంపతుల ఎదురుగా. ఆమె మేజోళ్ల ఫ్యాక్టరీలో, నేను మగ్గాల మీద. సూపు గిన్నెలు తీసేలోగా స్నేహం కుదిరిపోయింది. ఆ పైన ఏటా అదే వారం, అదే టేబులు అడిగి మరీ తీసుకునేవాళ్లం. ఏడాదికి ఒక్క వారం, మధ్యలో ఒక క్రిస్మస్ కార్డు. అలా మా మిల్లు మూతపడేదాకా సాగింది. తర్వాత అందరూ స్పెయిన్ పోవడం మొదలుపెట్టారు, సిరిల్ ఊపిరితిత్తులు పాడయ్యాయి, కార్డులు కూడా ఆగాయి. ముందు ఎవరిది ఆగిందో గుర్తులేదు. నాదే అయ్యుంటుంది.

ప్రాణ స్నేహితురాలే. కాదనను. కానీ ఆమె పక్కన నిలబడి పదిహేడు ఎండాకాలాలు గడిపిన ఆడదానికి తెలుస్తుంది నా బాధ. అందమైన చీలమండల పోటీలో తెర కింద నుంచి కాళ్లు మాత్రమే కనపడేవి. అయినా థెల్మానే. హాలిడే ప్రిన్సెస్ కిరీటమూ థెల్మాకే. ఒక ఏడు మాంసం కూరిన రొట్టెలు తినే పోటీలో సరదాకి కూర్చుంది. అదీ గెలిచింది. తెల్ల బ్లౌజు మీద ఒక్క చుక్క పడలేదు. నేను ఎప్పుడూ సెకండే. ఆ తినే పోటీలో మాత్రం థర్డ్. అప్పుడు లిన్ కడుపులో ఉంది, ఇద్దరి తిండి తినాల్సిన దాన్ని, థర్డ్.

ఒక్కటి మాత్రం నాకు ఊరట. థెల్మాకి బుర్ర తక్కువ. ఆ రుమాలు కథ గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది.

లోపల పసిపిల్ల నిద్రపోతుంటే షాలే తలుపు పిడికి తెల్ల చేతిరుమాలు కట్టాలి. అది రూలు. మేమంతా డ్యాన్సు హాల్లో ఉంటే నర్సులు సైకిళ్ల మీద తిరుగుతూ, రుమాలు కనపడిన ప్రతి తలుపు దగ్గరా దిగి చెవి పెట్టి వినేవారు. ఏడుపు వినపడితే హాలుకి కబురు. బ్యాండు పక్కన బోర్డు మీద లైటు వెలిగేది: ఫలానా షాలేలో పాప ఏడుస్తోంది. సగం డ్యాన్సులో ఒక తల్లి చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తేది.

1960లో లిన్‌కి తొమ్మిది నెలలు. నేను రుమాలు కట్టాను. మర్నాడు చూద్దును కదా, పక్క వరసలో థెల్మా తలుపుకీ రుమాలు. పిల్లా లేదు జెల్లా లేదు! ఎందుకు కట్టావే అంటే, అందరూ కట్టారుగా, నేనూ కట్టాను అంది. వారమంతా ఆ నర్సు పాపం సైకిలు దిగి ఖాళీ గది తలుపుకి చెవి ఆనించి వినడం, మళ్లీ ఎక్కడం. టేబులు దగ్గర చెబితే అందరూ పడి పడి నవ్వారు. థెల్మా కూడా నవ్వింది. మిల్లు క్యాంటీన్‌లో చెప్పాను, విల్ఫ్ రిటైరయిన రోజు చెప్పాను. ఎక్కడ చెప్పినా పండుతుంది.

ఇంకొకటి రాయాలి, నవ్వొచ్చేది కాదు. బోర్డు మీద మా షాలే నంబరు వెలిగితే నేను లేచేలోగా థెల్మా లేచేది. నువ్వు డ్యాన్సు చెయ్ ఎడ్నా, నేను చూసుకుంటాలే అనేది. వెళ్లిందంటే వచ్చేది కాదు. నేను వెళ్లి చూస్తే లిన్ ఆమె భుజం మీద నిద్రపోతుండేది. నా భుజం మీద అంత హాయిగా ఎప్పుడూ నిద్రపోలేదు. నడక వచ్చాక, క్యాంపు గేటు కనపడగానే నా చెయ్యి వదిలేసేది.

14 ఆగస్టు

పెర్మ్ చేయించాను, జుట్టంతా ఉంగరాలు. కొత్త డ్రెస్సు, లేత ఊదా. లేత ఊదా వయసు కనపడనివ్వదని షాపు పిల్ల అంది. ఆ పిల్లకి పందొమ్మిదేళ్లుంటాయి, దానికేం తెలుసు. అయినా కొన్నాను.

గ్లామరస్ గ్రాండ్‌మదర్ రూలేమిటంటే మనవడో మనవరాలో చెయ్యి పట్టుకుని స్టేజీ మీదికి తీసుకురావాలి. నాకిద్దరు. జెమ్మాకి పదేళ్లు, ఈ మధ్య మూతి ముడుచుకుని తిరుగుతోంది. కిర్‌స్టీకి ఆరేళ్లు, ముందు పళ్లు రెండూ ఊడాయి. కిర్‌స్టీనే తీసుకెళ్తాను. ఆ బోసి నవ్వు చూస్తే రాతి జడ్జి కూడా కరుగుతాడు.

థెల్మాకి పిల్లలు లేరు కాబట్టి మనవలు లేరు. మనవలు లేరు కాబట్టి ఈ పోటీకి రావడానికి లేదు. ఒక్కటంటే ఒక్క పోటీ, థెల్మా లేకుండా. ఇలా అనుకోవడం పాపమేమో. అనుకున్నాను, రాశాను.

20 ఆగస్టు, గురువారం

లిన్ ఇంటికి వెళ్లాను. కిర్‌స్టీ బొమ్మకి మేజోళ్లు తొడుగుతోంది. చేతి అల్లిక. మడమ దగ్గర కుట్టు కనపడకుండా తిప్పారు. అలా తిప్పడం అందరికీ రాదు. ఎవరు అల్లారే అంటే, థెల్మా ఆంటీ అంది. ఎప్పుడిచ్చింది అంటే, ఇక్కడికొచ్చినప్పుడు అంది. ఎప్పుడొచ్చింది అంటే, ఎప్పుడూ వస్తుంది కదా అంది. నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు చూసింది.

లిన్ వంటింట్లో అంట్లు కడుగుతోంది. అడిగాను. తిరగకుండానే చెప్పింది. ఏడాదికి రెండు మూడు సార్లు వస్తుందట. జెమ్మా పుట్టినప్పుడు మూడు బస్సులు మారి ఆస్పత్రికి వచ్చిందట. నేను పొద్దున వెళ్లొచ్చాను, ఆమె సాయంత్రం వచ్చింది. నాకు తెలియకుండా టైము చూసుకుని పెట్టుకున్నారు.

ఎందుకు దాచావు అన్నాను. నువ్విలా మొహం పెడతావనే అంది.

నేనేం మొహం పెట్టలేదు. బస్టాపు అద్దంలో చూసుకున్నాను. పెట్టాను.

నేను కన్నాను. ముప్పై రెండు గంటలు నొప్పులు పడ్డాను. జ్వరాలకి రాత్రిళ్లు కూర్చున్నాను, స్కూలు కోట్లు కుట్టాను, పెళ్లికి మూడంతస్తుల కేకు చేశాను. ఏడాదికి ఒక్క వారం వచ్చి ముద్దు చేసిన మనిషికి వాటా ఏమిటి? కడిగిన గిన్నె మళ్లీ కడిగినట్టు ఇంటికొచ్చేదాకా ఇదే మాట మనసులో తిప్పుకుంటూ వచ్చాను.

21 ఆగస్టు

విల్ఫ్‌కి చెప్పాను. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, నీకైతే పొరుగింటి పుల్లకూర కూడా మన గిన్నెలోంచి ఎత్తుకుపోయిందే అనిపిస్తుంది అన్నాడు.

ఈ పూట వంట చేయలేదు. వెళ్లి చిప్స్ కొనుక్కోమన్నాను.

2 సెప్టెంబర్

ఒకటిన్నర కిలో తగ్గాను. మొహంలోనే తగ్గినట్టుంది, కావలసిన చోట తగ్గలేదు.

11 సెప్టెంబర్, శుక్రవారం. గల్‌హేవెన్

గాలి అదే. చల్లగా, ఉప్పగా, మనిషిని అడ్డంగా తోసేస్తూ. ఈతకొలను పూడ్చేసి కార్లు నిలుపుతున్నారు. డ్యాన్సు హాలు సగం ఉంది. షాలేల్లో ఒకే ఒక్క వరస మిగిలింది, సామాన్లు దాచుకోవడానికి. మిగతా అంతా క్యారవాన్లు. పచ్చ కోట్లు తొడుక్కున్న కుర్రాళ్లు, వచ్చినవాళ్లతో ఆటపాటలు నడిపేవాళ్లు, మాకు ఎదురొచ్చారు. మా రోజుల్లో పచ్చకోటు వాడంటే సినిమా హీరో. వీళ్లని చూస్తే ముక్కు తుడవాలనిపించింది.

థెల్మా ముందే వచ్చి కూర్చుంది. జుట్టుకి రంగు వేయలేదు. తెల్లగా, పొట్టిగా కత్తిరించుకుంది. పాత నీలం స్వెట్టరు, చేతికర్ర. పెర్మ్ లేదు, పౌడరు లేదు. హాల్లోకి వచ్చే ప్రతివాడూ ఒకసారి తిరిగి చూస్తున్నాడు. విల్ఫ్ కుర్చీలోంచి లేచాడు. మోకాలు నొప్పని నా కోసం తలుపు తీయని మనిషి టక్కున లేచి నిలబడ్డాడు.

నన్ను కౌగిలించుకుంది. అదే సబ్బు వాసన. ఒక్క నిమిషం నాకు ఇరవై మూడేళ్లు. అప్పుడు కిర్‌స్టీ పరిగెత్తుకొచ్చి మా మధ్యలో దూరింది, ఆమె వైపు మొహం పెట్టి.

12 సెప్టెంబర్, శనివారం, పొద్దున

లౌడ్‌స్పీకర్ లేపింది. విల్ఫ్ దుప్పట్లోంచే పాతకాలం బూతు తిట్టాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

మోకాళ్ల పోటీలో విల్ఫ్ ప్యాంటు మడిచి నిలబడ్డాడు. ఫస్టు వచ్చాడు! జడ్జి ఎవరనుకున్నారు? థెల్మా. పాత హాలిడే ప్రిన్సెస్ అని పిలిచి కుర్చీ వేశారు. మా ఇంట్లో వాళ్ల మోకాళ్లకి ప్రైజు ఇవ్వడానికి కూడా ఆమే కావాలి.

అదే రోజు, సాయంత్రం ఆరు



మధ్యాహ్నం భోజనాల దగ్గర మాతో పాటు రాదరమ్ నుంచి వచ్చిన దంపతులు కూర్చున్నారు. పాత రోజుల సంగతులు చెప్పమన్నారు. చెప్పాను. బోర్డు గురించి, నర్సుల గురించి, తర్వాత రుమాలు కథ. నర్సు చెవి ఆనించి వినడం నటించి మరీ చూపించాను. రాదరమ్ ఆయనకి బఠాణీలు తింటూ పొలమారింది. థెల్మా నవ్వింది. తల వంచుకుని, ఫోర్కుతో బఠాణీలు అటూ ఇటూ జరుపుతూ. ముప్పై ఎనిమిదేళ్ల కిందటా అలాగే నవ్వింది. ఇప్పుడు గుర్తొస్తోంది.

లిన్ ఫోర్కు కింద పెట్టింది. పిల్లలకి ఐస్‌క్రీమ్ కొనిపెట్టమని విల్ఫ్‌కి చెప్పి, నా రెక్క పట్టుకుని బయటికి తీసుకెళ్లింది. వంటగది వెనక, చెత్తడబ్బాల పక్కన నిలబెట్టింది. చిన్నప్పుడు నేను దాన్ని అలాగే నిలబెట్టేదాన్ని.

"అమ్మా, ఆ గది ఖాళీ కాదు. లోపల చిన్న మంచం ఉంది."

ఏ మంచం అన్నాను.

చెప్పింది. ఆ ఏడు జనవరిలో థెల్మాకి బాబు పుట్టాడు. పేరు కీత్. కొత్త సంవత్సరంలో బ్రోచర్ రాగానే సిరిల్ ముగ్గురికి బుక్ చేశాడు. ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పసివాడు. నాకు క్యాంపులో చూపించి ఆశ్చర్యపెట్టాలని కార్డులో రాయలేదట. ఈస్టర్‌కి ముందు వారం బాబు నిద్రలోనే పోయాడు. బుకింగు మార్చాలని ఎవరికీ తోచలేదు. జులైలో వచ్చి తలుపు తీస్తే, చెప్పిన ప్రకారం పసిపిల్లల మంచం వేసి, చిన్న దుప్పటి మడిచి పెట్టి ఉంచారు. తీసేయమని అడగడానికి ఇద్దరికీ నోరు రాలేదు.

ఇదంతా నీకెప్పుడు చెప్పింది అన్నాను.

పదకొండేళ్ల కిందట, అంది లిన్. జెమ్మాకి ముందు ఒకసారి లిన్‌కి కడుపు పోయింది. అప్పుడు.

అప్పుడు నేను వెళ్లాను. నాలుగు రోజులున్నాను. ఇల్లంతా తుడిచాను, కర్టెన్లు ఉతికాను. మరొకరు పుడతారులే, వయసుంది కదా అన్నాను. ఇంకేమనాలి? నేను వచ్చేశాక థెల్మా వెళ్లి, పక్కన పడుకుని, కీత్ గురించి చెప్పిందట.

ఇప్పుడు నిజం రాస్తాను. రాయకపోతే ఈ డైరీ దేనికి. నాకు ముందు వచ్చింది జాలి కాదు. ముందు కుళ్లొచ్చింది. ఎదురుగా కూర్చుని పదిహేడు ఏళ్లు ఒకే కెటిల్‌లో టీ తాగితే నాకు చెప్పలేదు. నా కూతురికి చెప్పింది. నా కూతురు దాచుకుంది. వాళ్లిద్దరి మధ్యా ఒక గది ఉంది, అందులోకి నాకు దారి లేదు. ఆమె దుఃఖం మీద కూడా కుళ్లుకున్నాను. ఇలాంటి ఆడది ఇంకెక్కడైనా ఉంటుందా?

జాలి తర్వాత వచ్చింది. వచ్చాక ఆగలేదు. క్యారవాన్ తలుపేసుకుని ఏడ్చాను. విల్ఫ్ బయట మెట్టు మీద కూర్చున్నాడు, లోపలికి రాలేదు, ఎటూ పోలేదు.

13 సెప్టెంబర్, ఆదివారం, పొద్దున

మేలుకొలుపు కంటే ముందే లేచాను. థెల్మా ఆ మిగిలిన షాలేల వరస ముందు బెంచీ మీద కూర్చుని ఉంది. వెళ్లి పక్కన కూర్చున్నాను. గాలికి నా పెర్మ్ అంతా ఒక పక్కకి పోయింది.

రాత్రంతా సిద్ధం చేసుకున్న మాట ఒక్కటీ పనికిరాలేదు. రుమాలు ఎందుకు కట్టావు అని మాత్రం అడిగాను. ముప్పై ఎనిమిదేళ్ల కిందట అడిగిన ప్రశ్నే. ఈసారి నవ్వకుండా అడిగాను.

"మంచం లోపల ఒక్కటే ఉంది," అంది. "మనం బ్యాండు దగ్గర ఉంటాం. తలుపు దగ్గర ఆగి వినేవాళ్లు ఒక్కళ్లూ లేకపోతే ఎలా అనిపించింది. ఆ నర్సు రోజూ ఆగి వినేది. మంచి పిల్ల."

 ఆటు వచ్చి సముద్రం వెనక్కి పోయింది, ఎదురుగా బురద తప్ప ఏమీ లేదు.

నాకెందుకు చెప్పలేదు అన్నాను. చెబితే నువ్వు వారమంతా ఏడ్చేదానివి, నాకు నవ్వే మనిషి కావలసి వచ్చింది అంది. టేబులు దగ్గర నువ్వు నర్సులా నటిస్తుంటే నాకూ నిజంగా నవ్వొచ్చింది, సగం నవ్వు, అంది. ఆ మిగతా సగం సంగతి నేను అడగలేదు.

ఆ పైన తను చెప్పిన మాట చెప్పినట్టు రాస్తాను.

"నువ్వు నా మీద కుళ్లుకునేదానివని నాకు తెలుసు ఎడ్నా. నీ మొహం ఏదీ దాచదు. చీలమండలకి ప్రైజు ఇచ్చి నన్ను స్టేజీ మీద నిలబెట్టేవాళ్లు. నువ్వు కింద ఒళ్లో పిల్లని పెట్టుకుని చూసేదానివి. మన ఇద్దరిలో ఎవరు ఎవరి మీద కుళ్లుకోవాలి? బోర్డు మీద లైటు వెలగ్గానే నీకంటే ముందు లేచేదాన్ని. నీ కోసం లేచాననుకున్నావా?"

ఆమె చెయ్యి పట్టుకున్నాను. కీళ్లన్నీ వాచి ఉన్నాయి. ఈ చేత్తోనే బొమ్మకి మేజోళ్లు అల్లింది.

అదే రోజు, మధ్యాహ్నం నాలుగు

జరిగింది జరిగినట్టు రాస్తాను, రేపటికి నేను మార్చుకునే ప్రమాదముంది.

స్టేజీ పక్కన పదముగ్గురం బామ్మలం, అమ్మమ్మలం వరసగా నిలబడ్డాం. లిప్‌స్టిక్కులు, ముత్యాలు, సెంటు వాసన. ఒకావిడ వేసుకున్న ఎత్తు మడమల చెప్పులు చూస్తే నాకే నడుము నొప్పొచ్చింది. కిర్‌స్టీ నా చెయ్యి పట్టుకుని బోసి నవ్వు నవ్వుతోంది. జెమ్మా మూతి ముడుచుకుని గోడకి ఆనుకుంది. థెల్మా హాల్లో వెనక వరసలో కూర్చుంది, కర్ర మీద గడ్డం ఆనించి.

నా వంతు దగ్గరపడింది. ఎవరో తోసినట్టు నోట్లోంచి మాట వచ్చేసింది. కిర్‌స్టీ, వెళ్లి థెల్మాని తీసుకురా, మీ ఇద్దరూ కలిసి ఎక్కండి అన్నాను. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాను. కిర్‌స్టీ అప్పటికే హాలు మధ్యలో పరిగెడుతోంది. అది చెబితే కదలనివాళ్లు ఇంతవరకూ పుట్టలేదు. థెల్మా వద్దు వద్దంటూనే వచ్చింది.

నేను జెమ్మాని పిలిచాను. నేనా అంది. నువ్వే అన్నాను. భూమ్మీద ఎవరికీ లేని కష్టం తనకే వచ్చినట్టు నడిచొచ్చింది.

పచ్చకోటు కుర్రాడు మైకు పట్టుకుని అందర్నీ అవే ప్రశ్నలు అడుగుతున్నాడు. ఎక్కడి నుంచి వచ్చారు, అందానికి రహస్యమేమిటి, మనవలు ఎంతమంది. థెల్మా దగ్గరికి వచ్చాడు. లెస్టర్ అంది. రహస్యమేమీ లేదు, చల్లనీళ్లు అంది. మనవలు ఎంతమంది మేడమ్ అన్నాడు.

థెల్మా నోరు తెరిచింది. మాట రాలేదు. వాడు మైకు ఇంకొంచెం దగ్గరికి పెట్టాడు. హాలంతా కాచుకుని ఉంది. కిర్‌స్టీ తల ఎత్తి ఆమె మొహంలోకి చూస్తోంది. థెల్మా నా వైపు చూసింది.

"ఇద్దరు," అన్నాను నేను, మైకు లేకుండానే హాలు చివరిదాకా వినపడేట్టు. మగ్గాల హోరులో మాట్లాడి పెరిగిన గొంతు. "రెండోది ఇదిగో, నా దగ్గరుంది. అరువు తెచ్చుకున్నాను."

హాలు హాలంతా నవ్వింది. కథ తెలియనివాళ్లు గట్టిగా నవ్వారు. విల్ఫ్ నవ్వలేదు, ముక్కు చీదుకున్నాడు. లిన్ నిలబడి చప్పట్లు కొడుతోంది. ఎవరి వైపు చూసి కొడుతోందో కనిపెడదామని మెడ చాచాను. కళ్లు తుడుచుకుంటోంది, తెలియలేదు.

జెమ్మా నా డ్రెస్సు లాగి, నన్ను నిజంగా అరువు తెచ్చుకున్నావా అని అడిగింది. అవునన్నాను. ఎప్పుడు తిరిగిచ్చేస్తావు అంది. ఇవ్వను, నాకే ఉంచుకుంటాను అన్నాను. అప్పుడు నిటారుగా నిలబడింది. మూతి విప్పితే ఈ పిల్ల ఇంత బాగుంటుందని నాకు తెలియదు.

ఫస్టు ప్రైజు థెల్మాకి.

నాకు సెకండ్.

నా మనవరాలిని పెట్టుకుని నా మీద గెలిచింది. ఆ పళ్లూడిన నవ్వుకే వచ్చిందా ప్రైజు, నాకు తెలుసు, జడ్జికీ తెలుసు. థెల్మా భుజం మీదుగా గెలుపు పట్టీ వేసుకుని నా దగ్గరికొచ్చి, చెవిలో, మళ్లీ నేనే ఎడ్నా అంది. కళ్లలో నీళ్లు, నోట్లో నవ్వు. ఈసారి పూర్తి నవ్వు. నోర్ముయ్ అన్నాను. ఇద్దరం అలా పట్టుకుని నిలబడ్డాం, ఎవరో ఫోటో తీసేదాకా.

ఫోటోలో నా కళ్లు మూసుకుని ఉంటాయి. ఎప్పుడూ అంతే. ఆమెవి తెరుచుకునే ఉంటాయి.

14 సెప్టెంబర్

ఆ జడ్జికి కళ్లజోడు అవసరం.

27 సెప్టెంబర్, ఆదివారం

లిన్ వచ్చింది, ముందు చెప్పకుండా, ఒక్కతే. టీ తాగాం. వెళ్లేటప్పుడు తలుపు దగ్గర ఆగి, ఆ కడుపు పోయిన రోజుల సంగతి మాట్లాడింది. నేను కర్టెన్లు ఉతకడం నేల మీద పడుకుని చూసేదట. అమ్మ ఉతుకుతోంది కాబట్టి ఇంకా లోకం నడుస్తోందని అనుకునేదట. ఈ మాట థెల్మాకి కూడా చెప్పావా అని అడిగాను. లేదు అంది.

లేదు అంది!

2 నవంబర్

కిర్‌స్టీ ఫోన్. థెల్మా అమ్మమ్మ నంబరు కావాలట, అమ్మ దగ్గర అడగడానికి అమ్మ ఇంట్లో లేదట. అమ్మమ్మ అంది. ఆంటీ అనలేదు.

పోయింది, దొరకడం లేదు అన్నాను. టీ పెట్టుకున్నాను. తాగాను. తిరిగి ఫోన్ చేసి నంబరు చెప్పాను, నెమ్మదిగా, ఒక్కో అంకె, అది రాసుకునేట్టు.